ఆంధ్రదేశమున సంగీతవిద్యార్థుల జీవికాచింత

సంగీతచరిత్రమును వ్రాయువారు రాగముల పుట్టుకను, మేళకర్తల సంఖ్యను, వాగ్గేయకారుల కాలనిర్ణయమును విచారింతురు. విద్వాంసునికి ప్రసిద్ధి కలిగిన తరువాతి కథయే తఱచుగా నా గ్రంథములందుఁ గానవచ్చును. పదునాఱేండ్ల బాలుఁడు తంబుర ముందుఁ గూర్చుండి సరళివరుసలను సాధనచేయునపుడు అతఁడు రేపు దేనిచే జీవింపఁ దలఁచెను, అతని తల్లిదండ్రులు దేనికి వెఱచిరి, ఎవరి యన్నము తిని యతఁడు చదువుకొనెను అను ప్రశ్నములను దడవినవారు కొందఱే. ఈ ప్రశ్నములు సంగీతమునకు వెలుపలివి కావు. రాజునకు వినిపింపఁ గోరువాఁడొక తెఱఁగున సాధనచేయును. టిక్కెట్టు కొని వచ్చిన సభకు వినిపింపఁ గోరువాఁడు మఱియొక తెఱఁగున సాధనచేయును. గడియారము ముందుంచుకొని నియతకాలములో రాగమును ముగింపవలసిన రేడియోగాయకుని సాధన వేఱొకటి. కావున బాలుర కోరికల చరిత్రము గానపద్ధతుల చరిత్రములో నొక భాగమే.

రాజాస్థానములున్న దినములలో గాయకులకు జీవికాచింత లేదనియు, ఆస్థానములు నశింపఁగానే విద్య దిక్కులేనిదయ్యెననియు లోకమున నొక నమ్మకము కలదు. ఇది సగము మాత్రమే నిజము. చిన్న సంస్థానమున నొక వైణికుఁడు, ఒక గాయకుఁడు, ఒకరిద్దఱు పక్కవాద్యములవారు ఉందురు. వారు బ్రదికియున్నంత కాలము ఆ స్థానము ఖాళీ కాదు. ఖాళీయైనను వారి కుమారునికో యల్లునికో చెందుట వాడుక. పొరుగూరి యువకుఁడు దివాణపు వాకిటఁ గాచుకొని, ఎవరిచేతనో సిఫారసు చేయించుకొని, ఒక్కనాఁడు కచేరి చేసి, శాలువయు నూటపదాఱులును బుచ్చుకొని మఱియొక సంస్థానమునకుఁ బయనమగుటయే మెండు. సంభావనలపై సంసారము నడపుటకును, వేతనముపై నడపుటకును ఉన్న యంతరము పండితులకుఁ జెప్పనక్కఱలేదు. సాహిత్యవిద్వాంసుల గతియు నాఁడు గాయకుల గతియు నొక్కటియే.

త్యాగరాజస్వామి (1767–1847) తంజావూరి ప్రభువు పిలుపును దిరస్కరించి ఉంఛవృత్తిచే జీవించెనని సంప్రదాయము. భక్తులు దీనిని వైరాగ్యమునకు నిదర్శనముగాఁ జెప్పుదురు. అది యట్లే యగుఁగాక. జీవికాదృష్టితోఁ జూచినచో నిందు మఱియొక విశేషము గలదు. వీథివెంట హరినామము పాడుచు వచ్చువానికి గృహస్థులు పిడికెడు బియ్యము వేయుట, ఆ యూరు తన విద్వాంసుని నిలుపుకొను నేర్పాటు. రాజు పెట్టునది యొకరికి. ఊరు పెట్టునది పదిమందికి. స్వామి శిష్యకోటి వ్యాపించినది రాజానుగ్రహముచేఁ గాదు. ఆ శిష్యులలో మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారివద్ద నభ్యసించిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి ఆ పాఠాంతరమును గృష్ణాతీరమునకుఁ దెచ్చెను. ఆయన శిష్యుఁడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883–1951) బెజవాడలో నెందఱకో విద్యాదానము చేసెను. నేఁడు ఆంధ్రదేశమున త్యాగరాజ శిష్యపరంపర యని చెప్పుకొనువారిలోఁ బెక్కురు ఈ శాఖవారే.

1855 లో శివాజీ మహారాజు మగసంతానము లేక మరణింపఁగా తంజావూరు సంస్థానము కుంపిణీపాలయ్యెను. అచటి విద్వాంసులకు మైసూరు, తిరువనంతపురము, ఎట్టయపురము, చెన్నపట్టణము దిక్కయ్యెను. తెలుఁగునాఁట విజయనగరము, పిఠాపురము, బొబ్బిలి, వేంకటగిరి మున్నగు సంస్థానములు విద్వాంసుల నాదరించినవి. పిఠాపురాస్థానమున వీణ వాయించిన తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వాదనమును విని రవీంద్రనాథ ఠాకూరు తన శాంతినికేతనమునకు రమ్మని పిలిచెను. మైసూరు ప్రభువులు ఇంకొక మేలైన పని చేసిరి: యువకుఁడైన వాసుదేవాచార్యుని (1865–1961) తిరువయ్యాఱు పంపి, పట్నం సుబ్రహ్మణ్యయ్యరువద్దఁ జదువుటకు వ్యయమును భరించిరి. పండిన విద్వాంసుని సత్కరించిన రాజులు పెక్కురు. పండుటకు ముందే పోషించినవారు కొలఁది. విద్యార్థి కథలో నీ భేదమే ముఖ్యము.

ఆ పోషణ మఱి యెచటినుండి వచ్చెడిది? గురుగృహమునుండియు, ఊరి గడపలనుండియు. గురువునకుఁ దోడి తెచ్చిన నీరు, ఉతికిన బట్టలు, పసిబిడ్డలను జోకొట్టిన పాటలు విద్యకు మూల్యములు. పాఠాంతరము గురువునకు ఆస్తి. ఆస్తిని ఊరక పంచిపెట్టు నాచారము ఏ వృత్తిలోను లేదు. ఏండ్లకొలఁది శుశ్రూష చేసినను గురువు మేలైన కృతిని దాఁచుకొని, తన కుమారునికే చెప్పెనన్న మొఱ సంగీతలోకమున మిక్కిలి ప్రాఁతది. ఎట్టయపురాస్థానవిద్వాంసుఁడు సుబ్బరామ దీక్షితులు (1839–1906) తన కుటుంబమున దాఁగియున్న కృతులను స్వరసహితముగాఁ దెలుఁగులిపిలో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" పేరిట 1904 లోఁ బ్రకటించుట ఈ హేతువుచేతనే మహాకార్యము. తమిళదేశమధ్యమున నున్న యొక చిన్న సంస్థానపు ముద్రాలయమునఁ దెలుఁగక్షరములతో నచ్చుపడిన యా గ్రంథముతో గురువుగారి పెట్టె తాళముచెవి యొకటి లోకమునకుఁ జిక్కెను.

భోజనమునకు వారములు. ఆదివారము కరణముగారియింట, సోమవారము వైద్యునియింట, మంగళవారము ముసలమ్మగారి యింట. ఇట్లేడు గృహములు కుదిరిన విద్యార్థి యదృష్టవంతుఁడు. నాలుగే కుదిరినవాఁడు మిగిలిన దినములలో జోలెకట్టి మధూకరమునకుఁ బోవును. వేదవిద్యార్థికిని, సంగీతవిద్యార్థికిని ఈ పద్ధతి యొక్కటియే. అయినను వేదవిద్యార్థికి ఊరిలోఁ గల గౌరవము గాయకబాలునికి లేకుండెను. మేళములతోఁ దిరుగువాఁడగునని, నాటకసమాజముల వెంటఁ బోవునని, పిల్లనిచ్చువారుండరని పెద్దలకు భయము. ఇంగ్లీషుచదువు ప్రవేశించిన తరువాత నీ భయము ద్విగుణీకృతమయ్యెను. మెట్రిక్యులేషను తప్పినవానికి సంగీతము. కన్ను కానరానివానికి సంగీతము.

ఈ కడపటి మాట నిందార్థమునఁ జెప్పినది కాదు. ఆంధ్రదేశపు ప్రథమ సంగీతపాఠశాల కథలో నిది యక్షరసత్యము. విజయనగర సంస్థానోద్యోగి యొకనికి అంధుఁడైన కుమారుఁడుండెననియు, వానికి సంగీతము నేర్పింపుఁడని తండ్రి కోరఁగా, ఒక్కనికే గాక పలువురకు నుపయోగించునట్లు పూసపాటి విజయరామ గజపతి మహారాజు 1919 లో విజయరామ గానపాఠశాలను స్థాపించెననియుఁ బ్రతీతి. ప్రథమాధ్యక్షుఁడు హరికథాపితామహుఁడైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). ఆ పాఠశాలలో విద్యార్థిగాఁ జేరుటకై విశాఖపట్టణమునుండి ద్వారము వేంకటస్వామినాయుఁడు (1893–1964) వచ్చెను. చూపు మందగించుటచే బడిచదువు మానవలసివచ్చి, అన్న వేంకటకృష్ణయ్యవద్ద వయొలిన్ నేర్చినవాఁడతఁడు. దాసుగారు అతని వాదనమును విని, ఇతనికి నేర్పవలసిన దేమియు లేదని, విద్యార్థిగాఁ గాక ఆచార్యునిగాఁ జేర్చుకొనిరని చెప్పుదురు. అప్పటి కాయన వయస్సు ఇరువదియాఱేండ్లు. 1936 లో నాయన యాపాఠశాలకు అధ్యక్షుఁడయ్యెను.

ఈ కథను ద్వారమువారి ప్రజ్ఞకు సాక్ష్యముగాఁ జెప్పుట పరిపాటి. అంతకంటె గమనింపవలసినది, అట్టి ప్రజ్ఞ గలవాఁడు ఇరువదియాఱవయేట విద్యార్థిగాఁ జేరుటకు వచ్చుట. నెలజీతమిచ్చు సంగీతోద్యోగ మొకటి తెలుఁగునాఁట నుండునని యంతకుముందు ఊహింపఁదగిన హేతువే లేదు. నాఁటినుండి యువగాయకుని మనస్సులో నొక క్రొత్త కోరిక పుట్టెను: సంగీతోపాధ్యాయుఁడగుట. దివాణమునఁ బ్రభువు మనస్సు మాఱినచో నుద్యోగము మాఱును. పాఠశాలలో ఒకటవ తారీఖున జీతము వచ్చును. ప్రతిభావంతుని గోరికకు నిది మెట్టో, కట్టో యను వివాద మప్పుడే మొదలయ్యెను, నేఁటికిని దెగలేదు. పాఠశాల సంస్థానపు సొమ్ముతో నడచినదే. కాని రాజు విద్వాంసుని వినుటకుఁ గాక, విద్వాంసుఁడు బాలురకు జెప్పుటకు ధనమిచ్చుట యిందలి నూతనత్వము.

ద్వారమువారు ఉపాధ్యాయులుగా నిలిచిపోలేదు. వయొలిన్ నాఁడు పక్కవాద్యము. గాయకుని నీడలో నడచుట దాని ధర్మము. సంభావనయు నా నీడకుఁ దగినంతయే. ఆయన దానిని బ్రధానవాద్యముగా సభలో నిలిపెను. 1941 లో మద్రాసు సంగీతవిద్వత్సభకు నధ్యక్షత వహించెను. కళింగసీమనుండి పోయిన యుపాధ్యాయుఁడు చెన్నపురి పండితులమధ్య నా పీఠమున గూర్చుండుట విజయనగర విద్యార్థులకు జీతముకంటెఁ బెద్ద యాశను చూపినది.

అన్నపుచింత మాత్రము పాఠశాలతోఁ దీఱలేదు. చదువు ఉచితమైనను కూడు ఉచితము కాదు. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) సంగీతముపై ప్రీతితో విజయనగరము చేరి, పాఠశాలకు సెలవులగుటచే, అచటి గాత్రాచార్యుఁడైన పట్రాయని సీతారామశాస్త్రిగారి యాశ్రయమును బొందెను. గురువు విద్యనిచ్చెను, భోజనమునకు బాలుఁడు జోలె పట్టి మధూకర మెత్తెను. మహారాజుగారి గానపాఠశాల వెలసిన రెండు దశాబ్దుల నాఁటికిని జోలె పోలేదన్నమాట. విద్య పూర్తిచేసికొని, 1942 నాఁటి ఉద్యమమునఁ జెఱసాలకుఁ బోయి వచ్చిన పిదప నాతఁడు చెన్నపట్టణమునకుఁ బోయెను. అచట బృందగానములందు గొంతు కలిపి, చిన్న వేషములు వేసి, రేడియోలోఁ బాడి, కడకుఁ జలనచిత్రములకు స్వరకర్తయు గాయకుఁడునయ్యెను. కచేరిగాయకుఁడగుటకుఁ దగిన శిక్షణ పొందిన కంఠ మొకటి సినిమా కెక్కుటను జూచి విచారించిన శాస్త్రీయాభిమానులు కలరు. ఆ కంఠమునకు సభలు ఎంత కూడుపెట్టఁగలవో వారు లెక్కింపలేదు.

చెన్నపట్టణమును గూర్చి రెండు మాటలు. అచట 1927 లో కాంగ్రెసు మహాసభతోఁ బాటు అఖిలభారత సంగీతసమావేశము జరిగెను. దాని ఫలముగా 1928 లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వెలసెను. ధనుర్మాసపుఁ గచేరీలు క్రమముగా దక్షిణదేశ గాయకుల కొక పరీక్షామండప మయ్యెను. తెలుఁగు యువకునికి ఆ మండపప్రవేశము రెండు విధములఁ గష్టము. పాడు కృతులు తెలుఁగువే. వినువారు మాత్రము తమిళులు. అచటి కార్యదర్శుల పరిచయము, అచటి పక్కవాద్యకారుల స్నేహము, నెలలకొలఁది పట్టణవాసపు ఖర్చు కావలెను. ఇంతయుఁ జేసినను మొదట దొరకునది మధ్యాహ్నపుఁ గచేరి. అయినను ఆ మధ్యాహ్నపుఁ గచేరి తరువాత ఊరికి వచ్చినవానికి "మద్రాసులోఁ బాడినవాఁడు" అను బిరుదు లభించును; ఊరి నవరాత్రోత్సవమున సంభావన పెరుగును. తెలుఁగు శ్రోత తన గాయకుని విలువను మద్రాసు చెప్పినగాని నమ్మకపోవుట యొక వింత. దీనికి బాధ్యులు చెన్నపురివారు కారు.

1948 వ సంవత్సరము ఈ చరిత్రమున నొక కూడలి. ఆ యేఁట మద్రాసు శాసనసభవారు చేసిన చట్టముచే జమీందారీలు రద్దగుట కారంభమయ్యెను. దివాణపు పోషణకు మూలధనము తెగిపోయెను. ఆ యేఁటనే డిసెంబరు 1 వ తేదీని విజయవాడ రేడియోకేంద్రము నెలకొనెను. మద్రాసు కేంద్రము 1938 నుండి పనిచేయుచున్నను, ఆంధ్రప్రాంతపు నడుమ నొక కేంద్రము వెలయుటచే యువగాయకుల చూపు అటు మరలెను. "ఆస్థానవిద్వాంసుఁడు" అను మాటకు బదులు "నిలయవిద్వాంసుఁడు" అను మాట వినవచ్చెను. మాట మాఱినను కోరిక మాఱలేదు: స్థిరమైన చోటు, నియతమైన జీతము, నిత్యసాధనకుఁ దీరిక. బి. వి. కేస్కర్ కేంద్రమంత్రిగా నున్న కాలమున (1952–1962) గాయకులను గొంతుపరీక్షచే శ్రేణులుగా విభజించు పద్ధతి బలపడెను. బి శ్రేణి, బి-హై, ఎ, టాప్ అను నక్షరములు యువగాయకుని పేరు ప్రక్కఁ జేరెను. ముఖము చూపక, వంశము చెప్పక, కంఠమొక్కటియే తెరవెనుకనుండి వినిపించుట యొక న్యాయమే. కాని పెండ్లిసంబంధములలోఁ గూడ శ్రేణిని విచారించు దశ వచ్చెనని హాస్యముగాఁ జెప్పుకొనుట గలదు.

సినిమాయు వాద్యవిద్వాంసులను బోషించెను. ఈమని శంకరశాస్త్రి (1922–1987) కొంతకాలము జెమినీ స్టూడియోలోఁ బనిచేసి పిదప నాకాశవాణిలోఁ జేరెను. ఆయన శిష్యుఁడు చిట్టిబాబు (1936–1996) చలనచిత్రవాద్యబృందములలో వీణ వాయించియే కచేరివైణికుఁడయ్యెను. పగలు స్టూడియో, రాత్రి సాధన. వీణవాదనమునఁ బలుకు స్పష్టముగా, గమకము పాటవలె వినవచ్చునట్లు వీరు చేసిన మార్పునకు మైక్రోఫోను సహవాసము కొంత కారణమని యూహించుట తప్పు కాదు.

స్త్రీల విషయము వేఱు. వంశపారంపర్యముగా దేవాలయములను దివాణములను గొలిచిన కుటుంబముల బాలికలకు సంగీతము కోరిక కాదు, కులవృత్తి. వలదనుటకు వారికి స్వాతంత్ర్యము లేదు. ఆ వృత్తివలన ధనమార్జించి, ఆ ధనముతో తిరువయ్యాఱున త్యాగరాజస్వామి సమాధిమందిరమును గట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) యంతటివారు అరుదు. 1947 నాఁటి దేవదాసీ నిరోధచట్టముచే నొక యన్యాయము తొలఁగెను. దానితోఁ గొందఱి జీవికయు, కొన్ని పదములును జావళులును దొలఁగెను. అదే కాలమున సంగీతపాఠశాలలలోఁ బరకుటుంబముల బాలికలు చేరుచుండిరి. వారికి మొదట విధింపఁబడిన యాశయము పెండ్లిచూపులనాఁడు రెండు కీర్తనలు పాడుట. విజయనగరపు పాఠశాలలో డిప్లొమా పొందిన పి. సుశీల సినిమాగాయని యగుటయు, శ్రీరంగం గోపాలరత్నము (1939–1993) విజయవాడ ఆకాశవాణిలో నుద్యోగినియై కచేరిగాయనిగాఁ బ్రసిద్ధి కెక్కుటయు ఆ యాశయమును దాఁటిన రెండు త్రోవలు.

నాగస్వర విద్యార్థికిఁ గళాశాలకంటె దేవాలయమే పెద్ద పాఠశాల. ఒంగోలు ప్రాంతమునఁ గరవదిలోఁ బుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) ముస్లిముకుటుంబమువాఁడు. అతని వంశమున నాగస్వరవాదనము పరంపరాగతము. పెండ్లిండ్లకును నుత్సవములకును వాయించుచు ఊరిలోనే బ్రదుకవచ్చును. అతఁడు తంజావూరి బాణిని కోరి, నాచ్చియారుకోవిల గురువులవద్ద నభ్యసించి, కడకు శ్రీరంగమున స్థిరపడి, అచట శారదా నాగస్వర సంగీతాశ్రమమును నెలకొల్పెను. 1998 లో సంగీతకళానిధి బిరుదమును బొందెను. తెలుఁగుదేశపు మేళకానికి శ్రీరంగము గమ్యమగుటలో, తంజావూరి రాజ్యము పోయి నూఱేండ్లు దాఁటినను దాని బాణికిఁ గల యాకర్షణ కానవచ్చుచున్నది.

బాలమేధావుల కథలు యువకుల యాశలను బెంచినట్లే చెఱచినవి కూడ. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఎనిమిదవయేట విజయవాడ త్యాగరాజోత్సవమునఁ బాడెను. పాలకొల్లువాఁడైన యు. శ్రీనివాసు (1969–2014) ఏ కళాశాల పాఠ్యక్రమములోను లేని మాండొలిన్‌ను దీసికొని, 1978 లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున వాయించి, తరువాత ప్రపంచమంతయుఁ దిరిగెను. ఇట్టి యుదాహరణములను జూచి, పదేండ్లలోపల ప్రసిద్ధి రాకున్న ఇఁక రాదని తల్లిదండ్రులు తలంచుట యొక దోషము. ఈ యిద్దఱికిని గురువులుండిరనియు, గురువుల సాధన వెనుక నుండెననియు వారు మఱతురు.

డాక్టరు శ్రీపాద పినాకపాణి (1913–2013) కథ వీనికన్నింటికిని భిన్నము. ఆయన విశాఖపట్టణమున వైద్యము చదివి, కర్నూలు వైద్యకళాశాలలో నాచార్యత్వము చేసెను. కూడు వైద్యమువలన, సంగీత మమ్మవలసిన పని లేదు. కార్యదర్శుల నాశ్రయింపవలసిన పనియు లేదు. కచేరి శ్రోతకు నచ్చునో నచ్చదో యను వెఱపు లేక, పాఠాంతరశుద్ధిని బట్టుకొని, కృతులను స్వరపఱచి, ఇంటికి వచ్చిన యువకులకు రాత్రులు నేర్పెను. విజయనగరమున ద్వారమువారి పాఠశాలలోఁ జదివిన నేదునూరి కృష్ణమూర్తి 1949 లో నాయనవద్దఁ జేరి, నేర్చినదానిని మఱల మొదటినుండి దిద్దుకొనెను. డిప్లొమా చేత నుండఁగా నట్లు చేయుటకు వినయమును, ధైర్యమును రెండును గావలెను. నూకల చినసత్యనారాయణ, వోలేటి వేంకటేశ్వర్లు, గోపాలరత్నము ఆ గడపనే యెక్కిరి. వీరిలో నేదునూరియు నూకలయు సంగీతకళాశాలల కధ్యక్షులైరి. వోలేటియు గోపాలరత్నమును ఆకాశవాణిలోఁ బనిచేసిరి. గురువు 1983 లోను, శిష్యుఁడు నేదునూరి 1991 లోను సంగీతకళానిధులైరి. గురువు స్వరపఱచిన కృతులు "సంగీత సౌరభము" పేరిట తిరుమల తిరుపతి దేవస్థానమువారిచేఁ బ్రకటింపఁబడి, నేఁడు కళాశాలల విద్యార్థుల చేతులలో నున్నవి.